చెయ్యెత్తే హీరో, మాట తూలిన నేను

మా హీరో మొదటి ఎపిసోడ్‌లోనే ముగ్గుర్ని కొట్టాడు. రెండో దాంట్లో అయిదుగుర్ని. మూడో ఎపిసోడ్‌లో ఎవర్నీ కొట్టలేదు, ఆ రోజు వాళ్ళమ్మ పుట్టినరోజు. నాలుగో దాంట్లో ఆ లోటు కూడా కలిపి తీర్చేశాడు.

నేను రాసేది ఆడియో సీరియల్. ఫోన్లో యాప్ పెట్టుకుని, బస్సులో కూర్చునో వంట చేసుకుంటూనో చెవుల్లో తీగలు దోపుకుని వినే కథ. రోజుకో ఎపిసోడ్, ఒక్కొక్కటి పది నిమిషాలు. కంపెనీ ఆఫీసు పంజాగుట్టలో, మూడో అంతస్తు. హీరో పేరు ఇక్కడ చెప్పను. ఒప్పందం ప్రకారం ఆ పేరు మీద హక్కు కంపెనీది, అతని కోపం మీద హక్కు మాత్రం నాది.

అసలు నేను తణుకు నుంచి అమీర్‌పేట వచ్చింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకి. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులెక్కడున్నాయో పట్టుకోవడం నేర్పే కోర్సు అది. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడం నాకు పుట్టుకతోనే వచ్చు కనుక కోర్సు సాఫీగా అయిపోయింది. ఉద్యోగమే రాలేదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, "ఏంటే, రోజూ ఎవరో ఒకరి మీద కథలు కథలుగా చెప్తావు కదా, అవేవో రాయొచ్చుగా" అని, రచయితలు కావాలన్న ప్రకటన ఒకటి నా ఫోనుకి పంపింది. పరీక్షగా ఒక సన్నివేశం రాయమన్నారు. ఫైటు రాశాను. తీసుకున్నారు.

అలా పుట్టాడు మా హీరో. అమీర్‌పేట సందులో అతనికి బైకుల రిపేరు షెడ్డు ఉంది. ఆ షెడ్డులో అతనితో పాటు పనిచేసే చిన్ననాటి దోస్తు ఒకడున్నాడు. షెడ్డు ఉన్న జాగా మీద కన్నేసిన రియల్ ఎస్టేట్ ఆసామి ఒకడున్నాడు, వాడు విలన్. హీరోకి కోపం ఎక్కువ, ఆలోచన తక్కువ. నాకు తెలిసినంతలో హీరో అంటే అదే. ఎవరైనా ఏదైనా అన్నారా, చెయ్యి లేచిందా, అంతే. రాసేటప్పుడు నాకు భలే హాయిగా ఉండేది. పగలంతా మెట్రోలో నన్ను తోసినవాళ్ళూ, హాస్టల్లో నా బకెట్ వాడుకున్నవాళ్ళూ, అందరూ సాయంత్రానికి విలన్ మనుషులై అతని చేతిలో దెబ్బలు తినేవాళ్ళు.

హీరోకి గొంతిచ్చేది యాభై అయిదేళ్ళ మనిషి. గొంతు వయసు మాత్రం ఇరవై అయిదు. ఆ యాభై అయిదూ మోకాళ్ళవి. మూడు అంతస్తులూ మెల్లగా ఎక్కి వచ్చి, స్టీలు సీసాలోంచి రెండు గుక్కలు గోరువెచ్చని నీళ్ళు తాగి, దవడలో ఒక లవంగం పెట్టుకుని మైకు ముందు కూర్చుంటే చాలు, కళ్ళు మూసుకుని వినేవాళ్ళకి కండలు తిరిగిన కుర్రాడు కనిపించేవాడు. పగలు ఖైరతాబాద్‌లో రవాణా ఆఫీసు దగ్గరున్న ఒక జిరాక్సు షాపులో లైసెన్సుల ఫారాలు నింపే పని. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మా స్టూడియో. మిగతా రోజుల్లో కొత్తగా వచ్చిన పిల్లలకి మైకు ముందు ఎలా చదవాలో నేర్పేవాడు. ఆఫీసులో అందరికీ ఆయన 'అన్న'. నాకూ అన్నే.

ఆయనతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ప్రశ్నలు అడుగుతాడు.

ముప్పై ఎనిమిదో ఎపిసోడ్‌లో మా హీరో తన దోస్తునే కొట్టాడు. విలన్‌కి షెడ్డు సంగతులు మోస్తున్నది ఇతనేనని ఎవరో చెబితే నమ్మి, నడిబజార్లో పదిమంది చూస్తుండగా చెంప పగలగొట్టాడు. నిజానికి దోస్తుది ఏ తప్పూ లేదు. ముప్పై తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ సంగతి తేలింది. దోస్తు వచ్చి, "పర్లేదురా, నీ కోపం నాకు తెలియదా" అన్నాడు. ఇద్దరూ కావలించుకున్నారు. అది రికార్డు చేసే రోజు అన్న స్క్రిప్టు చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు చూశాడు.

"మేడం, ఒకటి అడగాలె."

"చెప్పండి అన్నా."

"నిన్న బజార్ల కొట్టిండు, అందరు చూస్తుండంగ. ఇయ్యాల దోస్తు వచ్చి పర్లేదు అంటుండు. గింత జల్ది ఎట్ల మాఫ్ చేసిండు?"

"వాళ్ళు ప్రాణ స్నేహితులన్నా."

"ప్రాణ స్నేహితుడు కొడితే ఇంక ఎక్కువ తాకుతది కద."

"అన్నా, ఎల్లుండి ఎపిసోడ్‌లో విలన్ షెడ్డు తగలబెట్టిస్తాడు. అప్పటికి దోస్తు పక్కన ఉండాలి. అలిగి కూర్చోడానికి టైం లేదు."

"సరే మేడం," అని మైకు వైపు తిరిగాడు. చదివాడు. బాగానే చదివాడు.

కానీ అదే మాట మా ప్రొడ్యూసర్ గారి నోటి నుంచి కూడా వచ్చింది. ఆవిడ విజయవాడ మనిషి. కోపం వస్తే గొంతు తగ్గిస్తుంది, అందుకని అందరికీ భయం. ఎపిసోడ్ బయటికి వెళ్ళకుండా ఆపి, నన్ను గదిలోకి పిలిచింది.

"ఏంటమ్మా, దాదాపు నలభై ఎపిసోడ్లు అయ్యాయి. మీ హీరోకి ఈ నలభైలో కొత్తగా ఒక్క ముక్క తెలిసిందా?"

"విలన్ ఎవరో తెలిసింది కదండీ."

"అది మనకి రెండో రోజే తెలుసు. నేనడిగేది అతని గురించి. దెబ్బ ఎప్పుడూ ఎదుటివాడికే తగులుతోంది. ఇతనికి ఎప్పుడు తగులుతుంది?" అని, కాస్త ఆగి, "అతను చేసిన తప్పు మరుసటి రోజుకి మాయమైపోతోంది. అలా మాయమైతే ఎవడైనా ఎందుకు మారతాడు?" అంది.

నాకు నచ్చలేదు. హీరో తగ్గితే ఎవరు వింటారండీ అని వాదించాను. వినేవాళ్ళ వ్యాఖ్యలు నా ముందు పెట్టింది. మొదట్లో ఈలలు వేసినవాళ్ళే ఈమధ్య, 'ఇవాళ కూడా కొట్టుడేనా, రేపు వింటాలే' అని రాస్తున్నారు.

సరే, మార్చాను. షెడ్డు తగలబెట్టడం వెనక్కి జరిపాను. దోస్తు క్షమించలేదు. తన పనిముట్ల సంచి భుజాన వేసుకుని షెడ్డులోంచి వెళ్ళిపోయాడు. పది ఎపిసోడ్ల పాటు హీరో ఒక్కడే షెడ్డులో ఉన్నాడు. బండి పైకెత్తితే కింద పట్టుకునే మనిషి లేడు. ఒక చోట స్క్రూడ్రైవర్ అందుకుంటూ అలవాటుగా దోస్తుని పిలిచి, ఆగిపోయాడు. ఆ ముక్క రాసి, మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. ఇదేదో బాగానే ఉందే అనుకున్నాను.

ఇక పదకొండో రోజు హీరో దోస్తు ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగాలి. దానికి పేజీన్నర డైలాగు రాశాను. రెండు రోజులు అదే పని. అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర నాలో నేను పైకే అనుకుంటూ నడుస్తుంటే, కరపత్రాలు పంచే అతను నన్ను ఆపాదమస్తకం చూసి, చేతిలో ఉన్న కట్టలోంచి వెతికి మరీ 'మాట్లాడే నైపుణ్యాలు, నలభై అయిదు రోజుల్లో' అన్న కాగితం ఇచ్చాడు. ఆ డైలాగులో చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిల్ తొక్కిన సంగతి, హీరో తండ్రి పోయినప్పుడు దోస్తు పక్కన నిలబడిన సంగతి, చెయ్యి ఎందుకు లేచిందో, లేచాక ఎలా ఉందో, అన్నీ పెట్టాను. ఉద్యోగం మొదలుపెట్టాక నేను రాసినవాటిలో అదే గొప్పదని నా నమ్మకం.

రికార్డింగ్ రోజు నాకు జ్వరంగా ఉండి వెళ్ళలేదు. ఎపిసోడ్ వచ్చిన రోజు ఉదయం హాస్టల్ మెట్లు దిగుతూనే చెవుల్లో పెట్టుకుని, ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కాను. పంజాగుట్టకి రెండు స్టేషన్లే. హీరో నడుచుకుంటూ వెళ్ళాడు. తలుపు తట్టాడు. తలుపు తీసిన చప్పుడు. "ఏంది?" అన్నాడు దోస్తు.

"నేను..." అన్నాడు హీరో.

తర్వాత ఏమీ లేదు. వీధిలో ఒక స్కూటరు వెళ్ళిన శబ్దం. ఊపిరి పీల్చిన శబ్దం. తలుపు మూసుకున్న శబ్దం. సంగీతం. అయిపోయింది.

నా పేజీన్నర లేదు. ఒక్క వాక్యం లేదు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను, మళ్ళీ అదే. తల ఎత్తి చూస్తే పంజాగుట్ట దాటిపోయింది. తర్వాతి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడే ఫోను తీశాను. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రచయితలు, గొంతులిచ్చేవాళ్ళు, సౌండు వాళ్ళు, అన్న దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు, అందరూ కలిసి యాభై మందికి తక్కువ ఉండరు. అందులో ఇలా రాశాను:

'పేజీన్నర చదవడానికి బద్ధకమైతే ముందే చెప్పాల్సింది. జిరాక్సు షాపులో కాగితాలు తిప్పినట్టు స్క్రిప్టు పేజీలు తిప్పేస్తే దాన్ని నటన అనరు.'

పేరు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం ఏముంది, జిరాక్సు షాపులో పనిచేసేది ఒక్కరే. పంపించాక ఒక రెండు నిమిషాలు చాలా తేలిగ్గా అనిపించింది. చూసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చేరుతున్నాయి. కాసేపటికి అన్న నుంచి రెండే మాటలు వచ్చాయి: 'సరే మేడం.' ఆ కింద ఇంకో వరుస. ఆయన గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్టు.

వెనక్కి వచ్చే రైలు ఎక్కబోతుంటే ప్రొడ్యూసర్ గారు ఫోన్ చేసింది. గొంతు చాలా తక్కువగా ఉంది.

"మొన్న నేను పంపిన మెయిల్ చదివావా?"

"ఏ మెయిలండీ?"

"చదివి ఆఫీసుకి రా."

మెట్రోలో తెరిచాను. నాకు జ్వరం వచ్చిన రోజు రాత్రి పంపింది. ఎపిసోడ్ మూడు నిమిషాలు ఎక్కువైందని, ఆ డైలాగంతా తీసేసి నిశ్శబ్దం ఉంచితేనే బాగుందని తనకి అనిపిస్తోందని, అభ్యంతరం ఉంటే మర్నాటి సాయంత్రం లోపు చెప్పమని. చెప్పకపోతే సరేనన్నట్టే అని. నేను చెప్పలేదు. అంటే నేను సరేనన్నట్టే.

ఆఫీసుకి వెళ్ళాక ఆవిడ నన్ను తిట్టలేదు. సౌండు గదిలో కూర్చోబెట్టి, అసలు రికార్డింగ్ పెట్టించింది. అన్న పేజీన్నరా చదివాడు. ఒక్క మాట వదల్లేదు. సైకిల్ దగ్గర నవ్వు వచ్చింది ఆయన గొంతులో, నేను అక్కడ నవ్వు రాయలేదు కానీ ఉండాల్సింది. చెయ్యి లేచిన సంగతి దగ్గర గొంతు ఎండిపోయింది. అయిపోయింది అనుకుని నేను లేవబోతుంటే, ఆపేసే ముందు మైకులో పడిపోయిన మాట ఒకటి వినిపించింది. సౌండు అతనితో అంటున్నాడు: "కట్ చేసే ముందల జర మేడంను అడుగుర్రి. మస్తు కష్టపడి రాసిందామె."

నేను మళ్ళీ కూర్చున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు వచ్చినన్ని వ్యాఖ్యలు ఆ సీరియల్‌కి అంతకు ముందెప్పుడూ రాలేదు. 'హీరో ఏం అనలేకపోయాడు చూడు, అక్కడ ఏడ్చేశాను' అని ఒకావిడ రాసింది. నా గొప్ప డైలాగు లేకపోవడమే అందరికీ నచ్చింది.

అన్నకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మంగళవారం రాలేదు. గొంతు బాలేదని ఆఫీసుకి కబురు పంపాడట. తాత్కాలికంగా ఒక కుర్ర గొంతుని పెట్టి చూశారు. మా హీరో షాంపూ అమ్ముతున్నట్టు ఉన్నాడు. ప్రొడ్యూసర్ గారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, నా వైపు ఒక్కసారి చూసి, బయటికి వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ఖైరతాబాద్ వెళ్ళాను. షాపు అంటే ఒక షట్టరు, రెండు జిరాక్సు మిషన్లు, ఒక కంప్యూటరు. కంప్యూటరు ముందు అన్న. ఎదురుగా బెంచీ మీద నలుగురైదుగురు. ఒక పెద్దావిడ స్కూటీ లైసెన్సు కోసం వచ్చింది, ఆయన ఆవిడ వివరాలు కొడుతూ, "ఇగ ఈడ సంతకం పెట్టమ్మా, గీత దాటకుండ," అంటున్నాడు. అదే గొంతు. నడిబజార్లో మనుషుల్ని ఎగరేసి కొట్టిన గొంతు. ఆవిడకి ఆ సంగతి తెలియదు, గీత దాటకుండా సంతకం పెట్టే పనిలో ఉంది.

నన్ను చూశాడు. మొహంలో ఏమీ మారలేదు.

"కూసోండ్రి మేడం. ఇగో, వీళ్ళ తర్వాత మీదే."

బెంచీ చివర కూర్చున్నాను. మధ్యలో మిషన్లో కాగితం ఇరుక్కుంటే లేచి లాగి ఇచ్చాను. ముప్పావు గంట తర్వాత బెంచీ ఖాళీ అయింది. నేను దారంతా అనుకుంటూ వచ్చింది ఒక్కటీ గుర్తు రాలేదు.

"సారీ అన్నా. మెయిల్ చూసుకోలేదు నేను. మీరు చదవలేదనుకున్నాను."

"మెయిల్ చూస్తే అనకపోతుంటిరా?"

"అనేదాన్ని కాదు."

ఆయన కంప్యూటరు తెర మీద ఏదో మూసేసి, కుర్చీ ఇటు తిప్పాడు.

"నేను నిజంగనే చదవలే అనుకో మేడం. బద్ధకమై ఇడ్సిపెట్టిన అనుకో. అప్పుడు గా మాట అనచ్చా?"

నేను క్షమాపణ చెప్పడానికి వచ్చింది మెయిల్ చదవనందుకు. ఆయన అడుగుతున్నది వేరే.

ఆయనే లేచి పక్క కొట్టు నుంచి రెండు చాయ్‌లు తెప్పించాడు. తాగుతూ, నన్ను చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన నాటకాలు వేసేవాడట. హీరో వేషాలే. ఒకసారి తోటి నటుడు స్టేజీ మీద మాట మర్చిపోయి నిలబడిపోతే, ఈయనకి ఒళ్ళు మండి, అందరూ చూస్తుండగా నాటకంలో లేని మాట ఒకటి అనేశాడు. జనం పగలబడి నవ్వారు. ఆ మనిషి పరదా వెనక్కి వెళ్ళిపోయాడు.

"నాలుగు రోజులకు వాళ్ళింటికి పోయిన. మంచిగ మాట్లాడిండు, చాయ్ పోయించిండు, పిల్లలను చూపిచ్చిండు. తప్పయింది అని చెప్పిన. అయ్యో, గదేం మాటనే, మరిసిపో అన్నడు. ఖుషీతోని ఇంటికొచ్చిన. కానీ మల్ల స్టేజీ ఎక్కలే ఆయన. మూడు సార్లు పోయి అడిగిన. టైం లేదన్నడు, పానం మంచిగ లేదన్నడు. ఎన్నడు ఎక్కలే." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అందుకే అడిగిన మిమ్మల్ని, గింత జల్ది ఎట్ల మాఫ్ చేసిండని. నోటితోని అయితే జల్దీనే చేస్తరు మేడం."

నేనూ నా గ్లాసు ఆయన గ్లాసు పక్కన పెట్టాను. బస్సులు వెళ్తున్నాయి.

"మీకు నా మీద కోపం ఉందా అన్నా?"

"గుస్సా లేదు. సిగ్గయింది. ఆ గ్రూపుల నేను నేర్పే పిల్లలున్నరు. నలుగురి ముందల అన్నరు, మాఫీ అడుగనీకె షాపులకొచ్చిన్రు. ఇదెట్ల?"

అప్పుడు అర్థమైంది. మా హీరో కూడా అంతే చేశాడు. బజార్లో కొట్టి, ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. అది నేను రాసిన తెలివే.

అక్కడే ఫోను తీసి గ్రూపుకి క్షమాపణ రాయడం మొదలుపెట్టాను. మనసులో ఉన్నదంతా రాశాను. నాకు జ్వరం, ఆయన గొప్పతనం, జిరాక్సు షాపు శ్రమ విలువ, అన్నీ. పంపేముందు ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు.

"ఇది సుత పేజీన్నర ఉన్నది మేడం," అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయనే వేలితో చూపిస్తూ తీయించాడు. జ్వరం తీయించాడు, "జొరం వచ్చినోళ్ళందరు గిట్లంటరా" అని. గొప్పతనం తీయించాడు. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. 'అన్న డైలాగు మొత్తం చదివారు, చాలా బాగా చదివారు. తీసేసిన సంగతి నాకు మెయిల్ వచ్చినా నేను చదవలేదు. జిరాక్సు షాపు మాట ఎవరి గురించీ ఎప్పుడూ అనకూడనిది, తప్పు నాది.' పంపాను. ఈసారి తేలిగ్గా ఏమీ అనిపించలేదు, చెవులు వేడెక్కాయి. ఆయన తర్వాత వచ్చిన మనిషి ఆధార్ కార్డు అందుకున్నాడు.

శుక్రవారం వచ్చాడు. మెట్లు ఎక్కి, నీళ్ళు తాగి, లవంగం పెట్టుకుని, చదివాడు. అయితే ప్రశ్నలు అడగడం మానేశాడు. ఇచ్చింది చదవడం, "అయిందా మేడం" అనడం, వెళ్ళడం. ఒకప్పుడు ఆ ప్రశ్నలంటే విసుక్కున్నదాన్ని, ఇప్పుడు స్క్రిప్టు చేతికిచ్చి ఆయన కళ్ళజోడు పైకి లేస్తుందేమోనని చూసేదాన్ని. లేచేది కాదు. తప్పుని సరిదిద్దుకోవడం అంటే ఒక రోజు పని అనుకున్నాను. దాదాపు రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల్లో నేను హీరోని మార్చే పని మీద పడ్డాను. మొదట అతన్ని మళ్ళీ బజారుకి తీసుకెళ్ళి, కొట్టిన చోటే, అదే కిరాణా కొట్టు ముందు నిలబెట్టి, అందరి ఎదుటా తప్పు ఒప్పించాను. మూడే వాక్యాలు. దోస్తు వెంటనే రాలేదు. వారం తర్వాత ఒక రోజు షెడ్డుకి వచ్చి, పలకరించకుండా, విప్పి ఉన్న బండి దగ్గర కూర్చుని నట్టు బిగించడం మొదలుపెట్టాడు.

అప్పటికి నాకు ఒక చిక్కు ఎదురైంది. ఇక మీదట హీరో చెయ్యి దించుకోవాలి. రాయడం తేలికే, 'అతను చెయ్యి దించుకున్నాడు' అని. కానీ మాది చెవులతో వినే కథ. కొట్టడానికి శబ్దం ఉంది, కొట్టకపోవడానికి లేదు. విలన్ మనిషి షెడ్డుకి వచ్చి హీరో తల్లిని తిట్టే సన్నివేశం రాసి, హీరో ఊరుకున్నాడు అని రాస్తే, సౌండు అతను తల గోక్కుని, "మేడం, ఊరుకున్నట్టు వినబడాలంటే నేనేం పెట్టాలి?" అన్నాడు. నేను, సౌండు అతను, ప్రొడ్యూసర్ గారు ఒక గంట తర్జనభర్జన పడ్డాం. గట్టిగా ఊపిరి పెడితే పరుగెత్తి వచ్చినట్టుంది. పళ్ళు కొరికితే అప్పడం నములుతున్నట్టుంది.

మైకు ముందు కూర్చుని ఇదంతా వింటున్న అన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఒకటి అడగాల్నా?"

నేను "అడగండి" అన్న తొందరకి సౌండు అతను ఉలిక్కిపడ్డాడు.

"వాడు మెకానిక్ కద. గా టైముకు వాని చేతిల ఏముంటది?"

"పానా ఉంటుంది."

"మరి గది కింద పెడితే సప్పుడు రాదా?"

అంతే. విలన్ మనిషి తిడుతుంటాడు. తిట్టడం ఆగుతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత ఇనుప పానా రేకు బల్ల మీద మెల్లగా పెట్టిన శబ్దం, టక్ అని. ఆ శబ్దం కోసం సౌండు అతను నిజంగానే అమీర్‌పేట వెళ్ళి ఒక షెడ్డులో పానా అడిగి తెచ్చాడు. రికార్డింగ్ అయ్యాక అన్న మెట్లు దిగుతూ, "మంచిగొచ్చింది బిడ్డా," అన్నాడు. అప్పటిదాకా నన్ను ఎప్పుడూ మేడం అనే పిలిచాడు.

అందరికీ నచ్చిందని చెప్పను. 'హీరోకి ఏమైంది, చప్పబడిపోయాడు' అని రాసినవాళ్ళున్నారు. 'ఎవరైనా వీడికి రెండు తగిలిస్తే బాగుండు' అని కూడా రాశారు. కొంతమంది వెళ్ళిపోయారు. ఒకావిడ మాత్రం, తను ఇంట్లో కోపం వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్న గరిటె కింద పెడుతోందని, వాళ్ళాయనకి ఆ చప్పుడంటే ఇప్పుడు తిట్ల కంటే ఎక్కువ భయమని రాసింది. ప్రొడ్యూసర్ గారు దాన్ని అచ్చు తీసి గోడకి అతికించింది.

చివరి ఎపిసోడ్‌కి ముందు కంపెనీ పెద్దల నుంచి ఒక్క ఫైటయినా ఉండాలని కబురొచ్చింది. నేను మొండికేశాను. హీరో ఇంత నేర్చుకున్నాక మళ్ళీ చెయ్యెత్తడం ఏమిటని. అన్నని అడిగితే ఆయన నా పక్షం రాలేదు.

"కొట్టనియ్యి బిడ్డా ఒక్కసారి. కొట్టుడు తప్పు అని ఎవరన్నరు? ఎవలిని, ఎందుకు అని చూసి కొడితే సాలు."

ఆలోచించి ఆలోచించి, విలన్ మనుషులు షెడ్డుకి నిప్పు పెట్టినప్పుడు లోపల దోస్తు ఇరుక్కున్నట్టు రాశాను. హీరో ఎదురుగా విలన్ నిలబడి ఉన్నాడు, చేతికందే దూరంలో. హీరో అతన్ని దాటుకుని వెళ్ళి, తాళం వేసిన షట్టరు మీద కొట్టాడు. ఎన్ని దెబ్బలో నేను రాయలేదు. ఎన్ని కావాలంటే అన్ని అని అన్నకి వదిలేశాను. ఆయన కళ్ళు మూసుకుని పదకొండు సార్లు ఊపిరి వదిలాడు. పన్నెండోసారి తాళం ఊడి షట్టరు లేచింది. విలన్ సంగతి తర్వాత కోర్టు చూసుకుంది, అది రెండు నిమిషాల్లో చెప్పేశాం.

నాకు కోపం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ వస్తుంది, గబగబా రాస్తాను, కాకపోతే ముందు ఎవరికీ వెళ్ళని చోట రాసుకుని, చాయ్ తాగి వచ్చి చూసుకుంటాను. సగం రోజులు పంపాల్సినంత ఏమీ మిగలదు. మిగిలిన సగం రోజులు పంపుతాను, అవి పంపాల్సినవే.

పోయిన నెల కొత్త సీరియల్ మొదలైంది. ఈసారి కథానాయిక ఒక నర్సు, చాలా నెమ్మదస్తురాలు. మరీ నెమ్మది, ఆమెకి కోపం ఎలా తెప్పించాలా అన్నదే ఇప్పుడు నా కష్టం. అన్నకి ఇందులో విలన్ వేషం ఇచ్చాం. పాత్ర గురించి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"ముప్పై ఏండ్లాయె బిడ్డా, అందరు హీరోనే చెయ్యమంటరు. వీడు ఆపుకుంటడా ఏమన్న?"

"అస్సలు ఆపుకోడన్నా. నోటికి ఎంతొస్తే అంత."

"మంచిగైంది," అని లవంగం దవడకి పెట్టుకున్నాడు.

మొదటి రోజు రికార్డింగ్‌లో ఆయన అరిచిన అరుపుకి స్టూడియో గాజు తలుపు కదిలింది. రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి పరుగున పైకి వచ్చి, ఎవరికేమైందని అడిగింది. లోపల అన్న కుర్చీలో వెనక్కి వాలి, సీసా మూత తిప్పుకుంటూ, ఇంకొకసారి చేద్దామా అని సౌండు అతనికి సైగ చేస్తున్నాడు.